పాత్ర లెవెల్‌ను బట్టి ప్రమాదాన్ని తూచడం ఎలా? ఆట నడిపేవారికి సమగ్ర మార్గదర్శి

విజయనగరం, శ్రీకాకుళం వైపు బల్ల చుట్టూ కూర్చుని ఫాంటసీ రోల్‌ప్లే ఆటలు ఆడే బృందాల నుంచి ఒకే రకమైన రెండు ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. మొదటిది: ‘నాలుగు గాబ్లిన్లే (చిన్న రాక్షసులు) కదా అని పెట్టాను, మొదటి లెవెల్ బృందం మొత్తం పడిపోయింది. ఎందుకు?’ రెండోది: ‘మా యోధుడిది పదిహేనో లెవెల్. హిట్ పాయింట్లు వందకు పైనే ఉన్నాయి. అయినా పోరు సగంసేపు ఏమీ చేయలేక నిలబడిపోయాడు. ఎందుకు?’

రెండింటికీ జవాబు ఒకటే. లెవెల్ (అనుభవంతో పాత్ర ఎక్కే మెట్టు) పెరిగితే పాత్రకు ప్రమాదం తగ్గదు, వచ్చే దారి మారుతుంది. కింది లెవెళ్లలో అది హిట్ పాయింట్ల (పాత్ర ఎంత నష్టం తట్టుకోగలదో చెప్పే అంకె) మీదకు వస్తుంది. పై లెవెళ్లలో సేవింగ్ త్రోల (మంత్రం, భయం లాంటివాటిని తప్పించుకోవడానికి వేసే పాచిక, క్లుప్తంగా సేవ్) మీదకు వస్తుంది. మధ్య లెవెళ్లలో రెండు వైపుల నుంచీ కొంచెం కొంచెం వస్తుంది. ఏ లెవెల్‌లో ఏ దారి తెరిచి ఉందో ముందే చూసుకోవడం ఆట నడిపే మాస్టర్ పని. ఆ పనిని వరుసగా ఎలా చేయాలో కింద రాశాను.

ఇక్కడి అంకెలన్నీ డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్ 2014 నియమాలవి. మా వైపు ఎక్కువ మంది ఆడేది అదే. 2024 సవరణతో ఆడేవారికి కొన్ని అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

ఆటగాళ్ల క్యారెక్టర్ షీట్లు వాళ్ల దగ్గరే ఉంటాయి. మాస్టర్ దగ్గర వాటి సారం ఒకే కాగితం మీద ఉండాలి. ఫోనులో కంటే కాగితమే మేలు. పోరు మధ్యలో స్క్రీను జరుపుతూ వెతుక్కునే తీరిక ఉండదు.

ఒక్కో పాత్రకు ఇవి రాసుకోండి:

- లెవెల్, తరగతి (యోధుడు, మాంత్రికుడు, దైవశక్తితో మంత్రాలు వేసే క్లెరిక్, చాటుగా పనిచేసే రోగ్ వగైరా)
- గరిష్ఠ హిట్ పాయింట్లు
- ఆర్మర్ క్లాస్ (దాడి తగలాలంటే శత్రువు పాచిక చేరవలసిన అంకె)
- ఆరు సేవింగ్ త్రోల (స్ట్రెంగ్త్, డెక్స్‌టెరిటీ, కాన్‌స్టిట్యూషన్, ఇంటెలిజెన్స్, విజ్డమ్, కరిస్మా అనే ఆరు లక్షణాలకు ఒక్కొక్కటి) బోనస్‌లు, వాటిలో అన్నిటికంటే తక్కువవి రెండు
- స్ట్రెంగ్త్ స్కోరు (ఎందుకో ఆరో భాగంలో తెలుస్తుంది)
- పడిపోయినవారిని లేపగల మంత్రం ఎవరి దగ్గర ఉంది
- చనిపోయినవారిని బతికించగల మంత్రం ఎవరి దగ్గర ఉంది, దానికి కావలసిన వజ్రం వాళ్ల దగ్గర ఉందా

శత్రువుల వైపు నుంచి నాలుగు చాలు: దాడి బోనస్ (దాడి పాచికకు కలిపే అంకె), ఒక్క దెబ్బ సగటు నష్టం, క్రిటికల్ (దాడి పాచికలో 20 పడితే నష్టం పాచికలు రెట్టింపయ్యే దెబ్బ) తగిలితే సగటు నష్టం, సేవింగ్ త్రో అడిగే దాడి ఉంటే దాని డీసీ (నెగ్గడానికి చేరవలసిన అంకె).

నియమాల పుస్తకాలు కొనడం భారమనుకునేవారికి ఒక మాట. ఈ ఆట మూల నియమాల పత్రం 5.1ను 2023లో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. ఉచితంగా దించుకోవచ్చు. ఇక్కడ చెప్పే రాక్షసుల్లో చాలావరకు అందులోనే ఉన్నాయి.

## 2. హిట్ పాయింట్లతో మొదలుపెట్టండి

మొదటి లెవెల్‌లో హిట్ డై (తరగతిని బట్టి హిట్ పాయింట్లకు వేసే పాచిక) గరిష్ఠ విలువకు కాన్‌స్టిట్యూషన్ (దేహ దారుఢ్యం) బోనస్ కలుపుతారు. మాంత్రికుడికి డి6 (ఆరు ముఖాల పాచిక), క్లెరిక్‌కు, రోగ్‌కు డి8, యోధుడికి డి10, బార్బేరియన్‌కు డి12. రెండో లెవెల్ నుంచి ఆ పాచిక వేసి గానీ, నిర్ణీత సగటు (డి6కు 4, డి8కు 5, డి10కు 6, డి12కు 7) తీసుకుని గానీ, దానికి మళ్లీ కాన్‌స్టిట్యూషన్ బోనస్ కలుపుతారు.

కాన్‌స్టిట్యూషన్ 14, అంటే బోనస్ 2 ఉన్న ఇద్దరిని పక్కపక్కన పెడదాం:

- మొదటి లెవెల్: యోధుడు 12, మాంత్రికుడు 8
- మూడో లెవెల్: యోధుడు 28, మాంత్రికుడు 20
- అయిదో లెవెల్: యోధుడు 44, మాంత్రికుడు 32
- పదో లెవెల్: యోధుడు 84, మాంత్రికుడు 62

ఒకటి నుంచి మూడుకు వచ్చేసరికి రెట్టింపు దాటింది. అయిదు నుంచి పదికి చేరడానికి ఎంతో కాలం ఆడాలి, అయినా అక్కడ పెరిగేది రెట్టింపుకు కాస్త తక్కువే. అంటే పాత్ర జీవితంలో అతి సున్నితమైన దశ మొదటి రెండు లెవెళ్లు. ఆ దశ త్వరగా దాటించమని నా సలహా. రెండో లెవెల్‌కు 300 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు), మూడుకు 900 చాలని నియమమే చెబుతోంది. ఆ రెండు లెవెళ్లను నెలల తరబడి సాగదీస్తే ఆటగాళ్లు సాహసాలు మానేసి గోడ పట్టుకుని నడవడం మొదలుపెడతారు.

## 3. ఒక్క దెబ్బ పరీక్ష

ఇది అన్నిటికంటే ముఖ్యమైన అడుగు. ప్రతి శత్రువుకూ, బృందంలో అందరికంటే బలహీనమైన పాత్రను ఎదురుగా పెట్టి మూడు ప్రశ్నలు వేసుకోండి.

అ. ఎన్ని సగటు దెబ్బలకు పడిపోతుంది? గాబ్లిన్ దెబ్బ సగటున 5, ఓర్క్‌ది 9, ఓగర్‌ది 13. మొదటి లెవెల్ మాంత్రికుడు (8) గాబ్లిన్ చేతిలో రెండు దెబ్బలకు, ఓర్క్ చేతిలో ఒక్క దెబ్బకు పడిపోతాడు. అయిదో లెవెల్ మాంత్రికుడు (32) ఓగర్ చేతిలో కూడా మూడు దెబ్బలదాకా నిలుస్తాడు.

ఒక్క దెబ్బకే పడిపోయే పాత్ర ఉంటే ఆ పోరులో ఆటగాడికి ఆలోచించుకునే వ్యవధే ఉండదు. కనీసం రెండు దెబ్బలు తట్టుకోవాలి. మొదటి దెబ్బ హెచ్చరిక. రెండోది పడేలోగా వెనక్కి తగ్గాలా, మందు తాగాలా అని నిర్ణయించుకునే అవకాశం అతనికి దక్కుతుంది.

ఆ. క్రిటికల్ తగిలితే అక్కడికక్కడే చనిపోతుందా? ఈ నియమాన్ని చాలామంది మరిచిపోతారు. దెబ్బ హిట్ పాయింట్లను సున్నా చేశాక మిగిలిన నష్టం పాత్ర గరిష్ఠ హిట్ పాయింట్లకు సమానమైనా, మించినా డెత్ సేవ్‌లు (సున్నాకు చేరాక బతకడానికి వేసే పాచికలు) ఉండవు. అక్కడితో మరణమే.

పూర్తి ఆరోగ్యంతో ఉన్న 8 పాయింట్ల మాంత్రికుడికి ఆ గీత 16 దగ్గర ఉంటుంది. ఓర్క్ గొడ్డలి క్రిటికల్‌కు రెండు డి12లు వేసి 3 కలుపుతారు. రెండు పాచికల మొత్తం 13 గానీ అంతకు మించి గానీ పడితే చాలు, గీత దాటినట్టే. దానికి అవకాశం 54 శాతం. క్రిటికల్ తగిలిన ప్రతి రెండుసార్లలో ఒకసారికి పైగా మాంత్రికుడి షీటు పక్కన పెట్టేయాలన్నమాట.

అదే మాంత్రికుడు అయిదో లెవెల్‌కు వచ్చేసరికి గీత 64కు జరుగుతుంది. ఓర్క్ క్రిటికల్ గరిష్ఠంగా 27 దాటదు. ఆ శత్రువు చేతిలో పూర్తి ఆరోగ్యంతో ఉన్నప్పుడు తక్షణ మరణం అసాధ్యం. లెవెల్ ఇచ్చే అసలైన రక్షణ ఇది.

ఇ. అదనపు నష్టం ఎక్కడైనా దాగి ఉందా? బగ్‌బేర్ అనే రాక్షసుడిని చూడండి. నలుగురు మొదటి లెవెల్ ఆటగాళ్లకు ఒక్క బగ్‌బేర్ అంటే 200 ఎక్స్‌పీ. పోరు కష్టాన్ని కొలిచే లెక్క ప్రకారం అది ‘మధ్యస్థం’. కానీ పొదల్లోంచి హఠాత్తుగా మీద పడితే దాని మామూలు దెబ్బ 11కు మరో 7 కలుస్తుంది. సగటు 18. మాంత్రికుడి గీత 16. క్రిటికల్ కూడా అక్కరలేదు, మామూలు దెబ్బకే పోతాడు. లెక్కల్లో మధ్యస్థంగా కనిపించే పోరులో మొదటి పాచికకే ఒక ఆటగాడు ఖాళీగా కూర్చోవలసి వస్తుంది.

అందుకే పొంచి ఉండే శత్రువులను మూడో లెవెల్‌కు ముందు పెట్టకండి. పెట్టాలనే ఉంటే ముందు ఏదో ఒక జాడ ఇవ్వండి: విరిగిన కొమ్మలు, పచ్చి వాసన, అరుపు ఆపేసిన పక్షులు. జాడను పట్టుకున్నవారికి హఠాత్తు దాడి ఉండదు.

## 4. ఆర్మర్ క్లాస్ లెవెల్‌తో పెరగదు

ఈ ఎడిషన్‌లో లెవెల్ పెరిగినంత మాత్రాన ఆర్మర్ క్లాస్ పెరగదు. మంచి కవచం కొంటేనో, మంత్ర వస్తువు దొరికితేనో పెరుగుతుంది. చెయిన్ మెయిల్, డాలు ఉన్న యోధుడికి మొదటి లెవెల్‌లోనూ 18, కొత్త కవచం దొరకకపోతే పదో లెవెల్‌లోనూ 18.

గాబ్లిన్ దాడి బోనస్ 4. ఆర్మర్ క్లాస్ 18 మీద దానికి తగిలే అవకాశం 35 శాతం, 12 మీద 65 శాతం. పదో లెవెల్‌లోనూ ఇవే అంకెలు. గాబ్లిన్‌కు గురి తప్పడం ఎక్కువ కాలేదు. తగిలిన దెబ్బ హిట్ పాయింట్లలో చిన్న భాగమైపోయింది, అంతే.

పైకి వెళ్లేకొద్దీ శత్రువుల దాడి బోనస్ పెరుగుతుంది. ఎదిగిన ఎర్ర డ్రాగన్ కాటుకు బోనస్ 14. ఆర్మర్ క్లాస్ 18 ఉన్న యోధుడికి అది 85 శాతం సార్లు తగులుతుంది. మొదటి లెవెల్‌లో డాలు ఇచ్చిన ధీమా అక్కడ పనిచేయదు.

ఇలాంటిదే మరో ఆట, పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ ఆడేవారికి ఇక్కడ లెక్క వేరు. అందులో నైపుణ్యం ఉన్న ప్రతిదానికీ లెవెల్ నేరుగా కలుస్తుంది: ఆర్మర్ క్లాస్‌కూ, సేవ్‌లకూ, దాడికీ. పైగా లక్ష్యం కంటే 10 ఎక్కువ వస్తే అది క్రిటికల్. కాబట్టి అక్కడ శత్రువు మీ కంటే మూడు నాలుగు లెవెళ్లు పైన ఉంటే దెబ్బలు తరచూ తగలడమే కాదు, క్రిటికల్‌గా తగులుతాయి. నలుగురి బృందానికి నాలుగు లెవెళ్లు పైనున్న ఒకే శత్రువును ఆ ఆట ‘తీవ్రాతితీవ్రం’ కింద లెక్కగడుతుంది. ఆ మాటను నమ్మండి.

## 5. సేవింగ్ త్రోలు: పై లెవెళ్ల అసలు బలహీనత

రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది.

ప్రతి తరగతికీ మొదట్లో రెండే సేవింగ్ త్రోలలో ప్రొఫిషియెన్సీ (నైపుణ్యానికి కలిసే బోనస్) ఉంటుంది. ఆ బోనస్ 1 నుంచి 4 లెవెళ్ల దాకా 2, తర్వాత ప్రతి నాలుగు లెవెళ్లకూ ఒక్కటి చొప్పున పెరిగి 17వ లెవెల్‌కు 6 అవుతుంది. మిగతా నాలుగు సేవ్‌లు? చాలా తరగతులకు, స్కోరు పెంచుకుంటే తప్ప, మొదటి రోజు ఎక్కడున్నాయో ఇరవయ్యో లెవెల్‌లోనూ అక్కడే ఉంటాయి. శత్రువుల డీసీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

విజ్డమ్ 10 ఉన్న యోధుడిని తీసుకోండి. బోనస్ సున్నా. కింది లెవెల్‌లో డీసీ 11 దాడి వస్తే అతనికి సగానికి సగం అవకాశం. పదిహేనో లెవెల్‌లో, 124 హిట్ పాయింట్లతో, ఎర్ర డ్రాగన్ భయపెట్టే శక్తిని ఎదుర్కొంటే డీసీ 19. ఇరవై ముఖాల పాచిక మీద 19 గానీ 20 గానీ పడాలి. అవకాశం పది శాతం. ప్రతి వంతు చివరా మళ్లీ ప్రయత్నించవచ్చు, కానీ ప్రతిసారీ అదే పది శాతం. అతను డ్రాగన్ దగ్గరకు అడుగు వేయలేడు, వేసే ప్రతి దాడీ డిసడ్వాంటేజ్‌తోనే (రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవాలి).

ఇంకా కఠినమైన సంగతి: అదే డ్రాగన్ నిప్పు ఊపిరికి డెక్స్‌టెరిటీ సేవ్ డీసీ 21. డెక్స్‌టెరిటీ 10 ఉన్న యోధుడు ఎంత వేసినా 20 దాటడు. సేవింగ్ త్రోలో 20 పడితే దానంతటదే నెగ్గినట్టు కాదు. అతనికి తప్పించుకునే అవకాశం సున్నా. సగటున 63 పాయింట్లు పోతాయి. రెండో ఊపిరికి నేల మీద ఉంటాడు.

ఆటగాళ్లకు ముందే చెప్పవలసిన సవరణలు:

- నాలుగో లెవెల్‌లోనో ఎనిమిదో లెవెల్‌లోనో స్కోరు పెంచుకునే అవకాశం వచ్చినప్పుడు, దాన్ని దాడి స్కోరుకే పోయకుండా రెజిలియెంట్ అనే ఫీట్ (అదనపు సామర్థ్యం)తో ఒక బలహీనమైన సేవ్‌కు ప్రొఫిషియెన్సీ తెచ్చుకోవడం
- బృందంలో పాలడిన్ (ప్రతిజ్ఞ పూనిన పవిత్ర యోధుడు) ఉంటే ఆరో లెవెల్ నుంచి పది అడుగుల్లోపు ఉన్నవారి సేవ్‌లన్నిటికీ అతని కరిస్మా బోనస్ కలుస్తుంది. పెద్ద పోరులో అతని పక్కనే నిలబడటం
- క్లెరిక్ బ్లెస్ మంత్రం ముగ్గురికి ప్రతి సేవ్‌కూ ఒక డి4 కలుపుతుంది. మొదటి స్థాయి మంత్రమే అయినా ఇరవయ్యో లెవెల్ దాకా పనికొస్తుంది
- యోధుడికి తొమ్మిదో లెవెల్‌లో ఇండామిటబుల్ వస్తుంది, తప్పిన సేవ్‌ను మళ్లీ వేసుకోవచ్చు. అసలు నెగ్గడమే సాధ్యం కానప్పుడు అది అక్కరకు రాదని గుర్తుంచుకోవాలి

మాస్టర్ చేయవలసింది ఒకటుంది. పోరులో శత్రువు అడిగే ప్రతి సేవ్‌కూ పక్కన ‘ఎవరికి పది శాతం కంటే తక్కువ?’ అని రాసుకోండి. ఇద్దరికి మించి పేర్లు వస్తే ఆ దాడిని తీసేయండి, లేకపోతే దాన్నుంచి కాపాడే వస్తువునో సమాచారాన్నో అంతకుముందు సాహసంలోనే దొరికేలా చేయండి.

## 6. లెవెల్‌ను లెక్కచేయని దాడులు

కొన్ని దాడులు హిట్ పాయింట్లను చూడనే చూడవు. వీటిని విడిగా గుర్తించాలి.

షాడో (నీడ రూపంలోని ప్రేతం). ఛాలెంజ్ రేటింగ్ (శత్రువు బలానికి ఇచ్చే అంకె) అర. చూడటానికి చిన్న శత్రువు. దాని ప్రతి దెబ్బకూ స్ట్రెంగ్త్ స్కోరులోంచి ఒక డి4 తగ్గుతుంది. స్ట్రెంగ్త్ సున్నా అయితే మరణం. స్ట్రెంగ్త్ 8 ఉన్న పదో లెవెల్ మాంత్రికుడికి నాలుగు దెబ్బలు తగిలాయనుకోండి. 62 హిట్ పాయింట్లలో సగటున 36 పోయి ఇంకా 26 మిగిలే ఉంటాయి. ఈలోగా స్ట్రెంగ్త్ మాత్రం అయిపోయి ఉంటుంది. మొదటి లెవెల్ బృందం మీదకైతే దీన్ని అసలు తేకూడదు.

బ్యాన్షీ (ఏడ్చే స్త్రీ ప్రేతం). రోజుకొకసారి ఏడుపు. కాన్‌స్టిట్యూషన్ సేవ్ డీసీ 13 తప్పితే ఎన్ని హిట్ పాయింట్లున్నా నేరుగా సున్నా. ముప్పై అడుగుల్లో ఉన్నవారందరికీ ఒకేసారి. అందరూ ఒక్కచోట గుమిగూడి నడిచే అలవాటున్న బృందాన్ని ఇదొక్కటే తుడిచిపెట్టగలదు.

పవర్ వర్డ్ కిల్. తొమ్మిదో స్థాయి మంత్రం. వంద గానీ అంతకు తక్కువ గానీ హిట్ పాయింట్లున్నవారు సేవ్ లేకుండా చనిపోతారు. మన 17వ లెవెల్ మాంత్రికుడికి గరిష్ఠం 104. నాలుగు పాయింట్ల గాయం చాలు, ఈ మంత్రం పరిధిలోకి వచ్చేస్తాడు.

దీనికి తిరగేసి కూడా చూడాలి. ఎత్తు నుంచి పడితే పది అడుగులకు ఒక డి6, ఎంత ఎత్తయినా ఇరవై పాచికలకు మించదు. సగటు 70. పదో లెవెల్ యోధుడికి 84. మహేంద్రగిరి అంచు నుంచి దూకినా లేచి దుమ్ము దులుపుకుంటాడన్నమాట. ఇది నచ్చని మాస్టర్లు చాలామందే ఉన్నారు. నియమం మార్చుకోండి, తప్పులేదు. కానీ సాహసం మొదలయ్యే ముందు చెప్పండి. పాత్ర గాల్లో ఉన్నప్పుడు కొత్త నియమం ప్రకటించడం అన్యాయం.

## 7. శత్రువుల సంఖ్య, వచ్చిన ఆటగాళ్ల సంఖ్య

2014 నియమాల్లో ఒక్కో పాత్రకు ‘ప్రాణాంతక’ హద్దు మొదటి లెవెల్‌లో 100 ఎక్స్‌పీ, రెండులో 200, మూడులో 400, నాలుగులో 500, అయిదులో 1,100. శత్రువుల ఎక్స్‌పీ కూడి, సంఖ్యను బట్టి హెచ్చించాలి: ఇద్దరైతే ఒకటిన్నర రెట్లు, ముగ్గురి నుంచి ఆరుగురి దాకా రెండు రెట్లు, ఏడు నుంచి పది దాకా రెండున్నర.

మొదటి ప్రశ్నలోని నాలుగు గాబ్లిన్లకు ఒక్కోదానికి 50 చొప్పున 200, రెండు రెట్లు చేస్తే 400. నలుగురు మొదటి లెవెల్ ఆటగాళ్ల హద్దు సరిగ్గా 400. అంటే అది మొదటి నుంచీ ప్రాణాంతకమైన పోరే. అవే నాలుగు గాబ్లిన్లు మూడో లెవెల్ బృందానికి సులువు కంటే కొంచెం ఎక్కువ, అంతే.

హెచ్చింపు ఎందుకో ఒక అంకెతో తెలుస్తుంది. ఆర్మర్ క్లాస్ 12 ఉన్న మాంత్రికుడి మీద ఒక్క గాబ్లిన్ దాడి, తప్పినవీ తగిలినవీ కలిపి చూస్తే, సగటున దాదాపు 3.75 నష్టం. నాలుగూ అతని మీదే పడితే రౌండుకు (అందరి వంతులూ ఒకసారి పూర్తయ్యేలోగా) 15. మొదటి లెవెల్‌లో మొదటి రౌండుకే పడిపోతాడు. అయిదో లెవెల్‌లో రెండు రౌండ్లు నిలుస్తాడు. (2024 నియమాల్లో ఈ హెచ్చింపును తీసేశారు. అయినా ఎక్కువ శత్రువులంటే ఎక్కువ దెబ్బలే. చేతి లెక్క వేసుకోవడం మానకండి.)

మా వైపు దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. అయిదుగురి కోసం పోరు సిద్ధం చేస్తే ఆదివారం ముగ్గురే వస్తారు. ఒకరికి విశాఖలో డ్యూటీ, ఒకరింట్లో పెళ్లిచూపులు. దసరా తర్వాతి మంగళవారం సిరిమానోత్సవం ఉన్న వారమైతే విజయనగరంలో ఆట పెట్టుకోకపోవడమే మేలు, ఊరంతా పైడితల్లమ్మ దగ్గరే ఉంటుంది. నలుగురికి 400 ఉన్న హద్దు ముగ్గురికి 300 అవుతుంది. కాబట్టి ప్రతి పోరునూ మూడు రకాలుగా రాసిపెట్టుకోండి. నేను వంశధార ఒడ్డున సాలిహుండం కొండలాంటి ఒక శిథిల స్తూపం మీద కాపలా పోరును మొదటి లెవెల్‌కు ఇలా రాసుకుంటాను:

- ముగ్గురు వస్తే: మెట్ల దగ్గర ఇద్దరు గాబ్లిన్లు
- నలుగురు వస్తే: మెట్ల దగ్గర ఇద్దరు, ఇటుక గోడ వెనక ఒకడు
- అయిదుగురు వస్తే: ముందు ఇద్దరు, రెండో రౌండు చివర కొండ దిగి వచ్చేవారు ఇద్దరు

ఆలస్యంగా వచ్చే శత్రువులు మాస్టర్‌కు పెద్ద సాయం. మొదటి రౌండు ఎలా సాగిందో చూసి వాళ్లను రప్పించవచ్చు, రాకుండా ఆపేయవచ్చు.

## 8. సున్నాకు చేరాక

డెత్ సేవ్‌కు లెవెల్‌తో సంబంధం లేదు. డి20 వేసి 10 గానీ పైన గానీ వస్తే నెగ్గినట్టు. మూడు నెగ్గితే నిలకడ, మూడు తప్పితే మరణం. 1 పడితే రెండు తప్పులు. 20 పడితే ఒక హిట్ పాయింటుతో లేస్తాడు. ఎవరూ ముట్టుకోకపోతే బతికే అవకాశం సుమారు 60 శాతం. మొదటి లెవెల్ గొర్రెల కాపరికీ, ఇరవయ్యో లెవెల్ మహావీరుడికీ అంతే.

అయితే పడిపోయినవాడిని అయిదడుగుల లోపల నుంచి కొడితే, తగిలిన దెబ్బ క్రిటికల్ అవుతుంది, రెండు తప్పులు పడతాయి. రెండు దెబ్బలతో పని పూర్తి. శత్రువులు పడిపోయినవారిని కొడతారా లేదా అన్నది అన్నిటికంటే పెద్ద ప్రమాద నిర్ణయం. మూడో లెవెల్ దాకా జంతువులు, దొంగలు అలా చేయరని నేను ముందే చెబుతాను. ఆకలిగొన్న పిశాచాలు చేస్తాయని కూడా ముందే చెబుతాను.

లెవెల్ ప్రభావం కనిపించేది మరణం తర్వాత. క్లెరిక్‌కు అయిదో లెవెల్‌లో రివివిఫై (నిమిషంలోపు, 300 బంగారు నాణేల వజ్రం), తొమ్మిదో లెవెల్‌లో రెయిజ్ డెడ్ (పది రోజుల్లోపు, 500), పదమూడులో రిసరెక్షన్ (1,000) వస్తాయి. అంటే నాలుగో లెవెల్ దాకా బృందం చేతిలో మరణానికి మందు లేదు. అయిదో లెవెల్‌కు చేరేసరికి ఒక వజ్రం ఏదో ఒక పెట్టెలో దొరికేలా చూడండి. మంత్రం ఉండి వజ్రం లేక స్నేహితుడిని పోగొట్టుకోవడం ఆటగాళ్లను చాలా బాధపెడుతుంది.

## 9. కొత్తగా చేరేవారి లెవెల్

బృందం అయిదో లెవెల్‌లో ఉంటే కొత్తవారూ అయిదులోనే మొదలుపెట్టాలి. ‘మేమంతా కష్టపడి పైకి వచ్చాం, వాళ్లూ ఒకటి నుంచి రావాలి’ అనే వాదన వింటుంటాను. ఒప్పుకోకండి. అయిదో లెవెల్ బృందం ఎదుర్కొనే మాంత్రికుడు ఫైర్‌బాల్ వేస్తాడు. సగటు 28. మొదటి లెవెల్ మాంత్రికుడికి 8. సేవ్ నెగ్గినా 14తో పడిపోతాడు, తప్పితే అక్కడికక్కడే మరణం. మొదటిసారి ఆటకు వచ్చిన మనిషికి అలాంటి సాయంత్రం ఇవ్వకూడదు.

రాలేకపోయినవారి పాత్రలకూ లెవెల్ అందరితో పాటే పెంచండి.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

- ఛాలెంజ్ రేటింగ్ ఒక్కటే చూడటం. రేటింగ్ శత్రువు సగటు బలం చెబుతుంది, ఒక్క దెబ్బ ఎంత పెద్దదో చెప్పదు. మూడో భాగంలోని పరీక్ష ప్రతిసారీ చేయండి.
- లెవెల్ పెరిగిందని హిట్ పాయింట్లను మాత్రమే చూసి శత్రువులను పెంచడం. బలహీనమైన సేవ్‌లు కదలలేదని గుర్తుంచుకోండి.
- పై లెవెళ్లలో ఒకే పెద్ద శత్రువు. అతనికి రౌండుకు ఒక వంతు, బృందానికి నాలుగు. పక్కన ఇద్దరు ముగ్గురు అనుచరులను పెట్టండి.
- విశ్రాంతి లేకుండా వరుస పోరులు. సగం హిట్ పాయింట్లతో ఉన్న అయిదో లెవెల్ మాంత్రికుడు 16 పాయింట్లవాడే. మూడో లెవెల్ వాడికంటే త్వరగా పడిపోతాడు. లెక్క ఎప్పుడూ ప్రస్తుత పాయింట్లతో వేయండి, తక్షణ మరణం గీతకు మాత్రం ప్రస్తుత పాయింట్లకు గరిష్ఠ పాయింట్లు కలపండి.
- పారిపోయే దారి లేని గది. మొదటి రెండు లెవెళ్లలో ప్రతి గదికీ రెండో ద్వారం ఉంచండి.

## 11. ఆట మధ్యలో తూకం తప్పితే

పాచికలో పడిన అంకె గురించి అబద్ధం చెప్పకండి. ఒకసారి ఆటగాళ్లు కనిపెడితే ఆ తర్వాత ఏ గెలుపునూ నమ్మరు. పాచికను అలాగే ఉంచి శత్రువు ఉద్దేశం మార్చండి. వరుసగా ఇలా ప్రయత్నించండి:

1. శత్రువులకు ఏం కావాలో గుర్తుచేసుకోండి. గాబ్లిన్లకు కావలసింది ధాన్యం బస్తా అయితే, అది చేతికి రాగానే పోతారు.
2. నాయకుడు పడితే మిగతావారు పారిపోతారు.
3. రెండు పాత్రలు పడిపోతే శత్రువుల చేత లొంగిపొమ్మని అడిగించండి. బందీగా పట్టుబడిన బృందం నుంచి మంచి సాహసం పుడుతుంది.
4. ఆలస్యంగా రావలసిన శత్రువులను రద్దు చేయండి.

తూకం రెండోవైపు తప్పి పోరు మరీ తేలికైతే ఏమీ చేయకండి. గెలిచిన ఆనందం వాళ్లది.

## 12. ఆట రోజు ఉదయం చూసుకునే జాబితా

- ఈరోజు ఎవరు వస్తున్నారు? సంఖ్యకు తగ్గ పోరు రకం ఎంచుకున్నానా?
- అందరికంటే బలహీనమైన పాత్ర రెండు సగటు దెబ్బలు తట్టుకుంటుందా?
- క్రిటికల్‌తో తక్షణ మరణం సాధ్యమా? సాధ్యమైతే ఆటగాళ్లకు జాడ ఉందా?
- పది శాతం కంటే తక్కువ అవకాశమున్న సేవ్ ఎవరికి?
- హిట్ పాయింట్లను లెక్కచేయని దాడి ఉందా?
- పడిపోయినవారిని లేపగలవారు ఈరోజు వస్తున్నారా? రాకపోతే హీలింగ్ మందు సీసాలు రెండు ముందే దొరికేలా పెట్టానా?
- శత్రువులు పడిపోయినవారిని కొడతారా లేదా, నిర్ణయం చెప్పానా?
- కరెంటు పోతే పాచికల యాప్ ఉన్న ఫోను చార్జింగ్ ఉందా, లేక అసలు పాచికలు తెచ్చుకున్నామా?